ఫిరోజ్‌షా మెహతా పేరిట ఒక ముంబై నడక: పెట్టిన డబ్బుకు తగ్గదేనా?

ముంబై కోట ప్రాంతంలో సెలవు రోజుల్లో వారసత్వ నడకలు జరిపేవారు చాలామందే ఉన్నారు. వాటిలో ఎక్కువ భాగం గోతిక్ భవనాల చుట్టూనో, ఇరానీ కేఫ్‌ల చుట్టూనో, పాత సినిమా హాళ్ల చుట్టూనో తిరుగుతాయి. ఒక న్యాయవాది రాజకీయ జీవితాన్ని వీధుల వెంట నడిపిస్తూ చెప్పే ప్రయత్నం అరుదు కాబట్టి, కాంగ్రెస్ తొలితరం మితవాద నాయకుడు సర్ ఫిరోజ్‌షా మెహతా (1845–1915) జీవితం మీద ఒక చిన్న బృందం ఆదివారం ఉదయాల్లో జరుపుతున్న నడకకు టికెట్ కొన్నాను. మనిషికి 900 రూపాయలు. అందులో చెవికి తగిలించుకునే రిసీవరు, ఒక చిన్న పుస్తకం, మధ్యలో చాయ్ కలిసి ఉంటాయి. ఏడు గంటలకు మొదలై పది దాటాక ముగుస్తుంది. లోపాలు కూడా వివరంగా రాయబోతున్నాను గనుక, ఇంకా నిలదొక్కుకుంటున్న ఆ బృందం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

మన పాఠ్యపుస్తకాల్లో మితవాదులకు దక్కేది మహా అయితే ఒక పేరా. అర్జీలు పెట్టుకున్నారు, విన్నపాలు చేసుకున్నారు, బ్రిటిష్ వారి న్యాయబుద్ధిని నమ్మారు, ఆ తర్వాత తిలక్ వచ్చాడు, కథ మారిపోయింది. ఈ చట్రంలో పెరిగిన పాఠకుడికి మెహతా మీద మూడు గంటల నడక అంటే విసుగు పుట్టించే వ్యవహారంగా తోచవచ్చు. నిజానికి ఆయన జీవితంలో నాటకీయతకు కొదవ లేదు, కానీ అందులో సింహభాగం సభా సంఘాల్లోనూ చట్టాల సెక్షన్లలోనూ జరిగింది. నిరాహార దీక్షలు, జైలు గోడలు, లాఠీ దెబ్బలు లేని రాజకీయాన్ని రోడ్డు మీద నిలబెట్టి చూపించడం ఎలా అన్నదే ఈ నడకకు అసలు పరీక్ష. ఆ పరీక్షలో ఇది సగం బాగా, సగం అరకొరగా నెగ్గింది.

నడక ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్ ఎదుట, నగరపాలక సంస్థ ప్రధాన భవనం ముందున్న మెహతా విగ్రహం దగ్గర మొదలవుతుంది. స్టేషన్‌ను కట్టిన ఎఫ్.డబ్ల్యూ. స్టీవెన్సే ఈ భవనాన్నీ రూపొందించాడు, 1893లో పూర్తయింది. చాలా నడకలు ఇక్కడ గోపురాల గురించి, రాతి చెక్కడాల గురించి అరగంట మాట్లాడి ముందుకు సాగుతాయి. మా గైడు వృత్తిరీత్యా న్యాయవాది అయిన ఒక యువతి. ఆమె భవనాన్ని రెండు వాక్యాల్లో ముగించి, సంచిలోంచి అట్టముక్కల కట్ట తీసింది. ఆ రోజు మేము పద్దెనిమిది మందిమి. ఒక్కొక్కరికీ ఒక్కో అట్టముక్క ఇచ్చి, ఒక్కో ముక్క నాలుగు స్థానాలతో సమానమని, మనమంతా కలిస్తే 1888 నాటి చట్టం ఏర్పరచిన 72 మంది సభ్యుల కార్పొరేషన్ అవుతామని చెప్పింది. తొమ్మిది ముక్కల మీద వార్డులని రాసి ఉంది. అంటే పన్ను కట్టే ఓటర్లు ఎన్నుకునే 36 స్థానాలు. నాలుగు ముక్కలు జస్టిస్ ఆఫ్ ది పీస్ (పురప్రముఖులకు ప్రభుత్వం ఇచ్చే గౌరవ న్యాయాధికారి) హోదా ఉన్నవారు తమలోంచి ఎన్నుకునే 16 స్థానాలు. మరో నాలుగు ప్రభుత్వం నామినేట్ చేసే 16 స్థానాలు. మిగిలిన ఒక్క ముక్క మీద విశ్వవిద్యాలయానికి రెండు, వర్తకుల చాంబర్‌కు రెండు అని రాసి ఉంది.

అట్టలు పంచాక ఆమె ఒక్కటే ప్రశ్న అడిగింది. ప్రభుత్వానికి నచ్చని తీర్మానం ఒకటి నెగ్గాలంటే వార్డుల వాళ్లు ఎటువైపు చూడాలి? లెక్క వేసుకుంటే వార్డుల బలం సరిగ్గా సగం. ఒక్కటంటే ఒక్క ముక్క బయటినుంచి రావాలి. నా చేతిలో జస్టిస్‌ల ముక్క ఉంది. వార్డుల వైపు నిలబడ్డ ఒక పెద్దాయన వెంటనే నా వైపు తిరిగి, మీరు ఇటు రావాలి సార్ అన్నారు, అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మెహతా జీవితంలోని సగం కష్టం అర్థమైపోయింది. ఎన్నికైనవారు నామినేట్ అయినవారికి ఎంత దూరమో, ఎంత దగ్గరో, మధ్యలో ఉన్నవారిని నచ్చజెప్పి తెచ్చుకోవడం ఎంత పనో ఇంతకన్నా తేలికగా ఎవరూ చెప్పలేరు. ఈ ఒక్క పావుగంటకు టికెట్ డబ్బులో సగం గిట్టుబాటైందని నిస్సంకోచంగా రాయగలను.

ఈ సంఖ్యల వెనక మెహతా చేసిన పని కూడా ఆమె బాగానే వివరించింది. 1888 చట్టం బొంబాయి శాసన మండలిలో బిల్లుగా ఉన్నప్పుడు మెహతా, కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్ ఇద్దరూ అందులో సభ్యులు, ఇద్దరూ న్యాయవాదులు. మున్సిపల్ కమిషనర్ చేతికి ఎక్కువ అధికారం కట్టబెట్టే ధోరణిలో ఉన్న ముసాయిదాను సెక్షన్ల వారీగా పట్టుకుని, డబ్బు మీదా విధానం మీదా ఆఖరి మాట కార్పొరేషన్‌దే అయ్యేలా సవరింపజేయడానికి వాళ్లు పూనుకున్నారు. రోజువారీ కార్యనిర్వహణ మాత్రం ఒకే అధికారి చేతిలో ఉండాలన్నదీ మెహతా అభిప్రాయమే. ఆ ఏర్పాటు ఎన్నో సవరణలతో ఇప్పటికీ నడుస్తోంది; ముంబై నగరపాలక సంస్థకు నేటికీ ఆధారం ఆ 1888 చట్టమే, సభ్యుల సంఖ్య మాత్రం 227 దాకా పెరిగింది. 2022 మార్చిలో పాలకవర్గం గడువు ముగిశాక మూడేళ్లకు పైగా ఎన్నికైన సభ్యులు లేకుండా అధికారి పాలనలోనే ఈ నగరం నడిచిందన్న సంగతి అక్కడ నిలబడి గుర్తు చేసి ఉంటే ఆ అట్టముక్కల ఆటకు మరింత పదును వచ్చేది. వర్తమాన రాజకీయాల జోలికి పోకూడదన్న నియమం ఏదో నిర్వాహకులకు ఉన్నట్టుంది. మున్సిపాలిటీ గురించిన నడకలో ఆ నియమం అంత అవసరమా అన్నది నా సందేహం.

ఇక్కణ్ణుంచి మహాపాలికా మార్గ్ వెంట ధోబీ తలావ్ చేరుకుంటాం. ఫ్రామ్‌జీ కావస్‌జీ ఇన్‌స్టిట్యూట్ ఉన్న చోటు ఇది. దీని ముందు గైడు చెప్పిన కథ నడకంతటికీ మూలం, కానీ నడకలో రెండోదిగా రావడం పెద్ద పొరపాటు. 1871 నవంబరులో ఇక్కడి సభలో ఇరవై ఆరేళ్ల మెహతా నగర పాలన సంస్కరణ మీద ఒక వ్యాసం చదివాడు. అప్పటి మున్సిపల్ కమిషనర్ ఆర్థర్ క్రాఫర్డ్ నగరాన్ని బాగుచేసే ఉత్సాహంలో ఖజానా ఖాళీ చేశాడని జనం మండిపడుతున్న రోజులవి. అందరూ క్రాఫర్డ్‌ను తిట్టడానికి కూడిన వాతావరణంలో మెహతా లేచి, తప్పు ఆ ఒక్కడిది కాదు, అతని మీద కన్నేసి ఉంచాల్సిన జస్టిస్‌ల సభ ఎవరికీ జవాబుదారీ కాకపోవడంలో ఉందని వాదించాడు. కార్యనిర్వాహకుడు ఒక్కడే ఉండాలి, అతనిపైన పన్ను కట్టేవారు ఎన్నుకున్న సభ ఉండాలి, లెక్కలు చూసేవాడు వేరుగా ఉండాలి. సభలో ఈలలు, కేకలు. వ్యాసం చదివినవాడికి చప్పట్లు దక్కలేదు. మరుసటి ఏడాదే వచ్చిన 1872 చట్టం 64 మంది సభ్యుల్లో సగం మందిని పన్ను కట్టేవారు ఎన్నుకునే ఏర్పాటు చేసింది.

ఈ కథ విన్నాక 1888 నాటి అట్టముక్కలు పట్టుకుని ఉంటే వాటి అర్థం ఇంకెంతో విప్పారేది. నిర్వాహకులు రైల్వే స్టేషన్ సౌకర్యం చూసుకుని విగ్రహం దగ్గర మొదలుపెడుతున్నారు. వచ్చేవారికి దారి సులువని వారి ఆలోచన కావచ్చు. కానీ రెండు చోట్లకూ మధ్య నడక దూరం పెద్దది కాదు. ధోబీ తలావ్‌లో మొదలుపెట్టి వెనక్కు విగ్రహం దాకా వచ్చి, అటునుంచి దక్షిణానికి సాగితే కాలక్రమం కుదురుతుంది, వాదనకు ఒక వరసా వస్తుంది. ఒక మనిషి ముందు ఏం అడిగాడో తెలియకుండా తర్వాత ఏం సాధించాడో వింటే అది బిరుదుల జాబితాలా ఉంటుంది.

ఈ సభ కథలో నాకు ఆసక్తి కలిగించింది మెహతా వాదనలోని న్యాయవాది పద్ధతి. కక్షిదారు మీద జనానికి ఉన్న కోపాన్ని పక్కన పెట్టి, దోషం ఎక్కడుందో నిర్మాణంలో వెతకడం కోర్టులో అలవడే లక్షణం. లండన్‌లో లింకన్స్ ఇన్‌లో చదివి 1868లో బారిస్టరై తిరిగివచ్చి అప్పటికి మూడేళ్లే. ఆ చదువు వెనక కథను గైడు బాగా చెప్పింది. రుస్తుంజీ జంషెట్‌జీ జీజీభాయ్ భారతీయ యువకులు ఇంగ్లండులో న్యాయశాస్త్రం చదవడానికి లక్షన్నర రూపాయలు ఇస్తానన్నాడు, ఎల్ఫిన్‌స్టన్ కళాశాల ప్రిన్సిపాల్ అలెగ్జాండర్ గ్రాంట్ మెహతా పేరు సూచించాడు, మెహతా 1864 చివర్లో ఓడెక్కాడు. అమెరికా అంతర్యుద్ధం ముగియగానే 1865లో బొంబాయి పత్తి వ్యాపారం కుప్పకూలింది, దాతతోపాటు ఆ నిధీ కరిగిపోయింది. లండన్‌లో దాదాభాయ్ నౌరోజీ, డబ్ల్యూ.సి. బెనర్జీ, బద్రుద్దీన్ త్యాబ్జీల సాంగత్యం మాత్రం మిగిలింది, అదే తర్వాతి రాజకీయాలకు పెట్టుబడి అయింది. 1885 జనవరిలో త్యాబ్జీ, తెలంగ్‌లతో కలిసి బొంబాయి ప్రెసిడెన్సీ అసోసియేషన్ పెట్టింది ఈ మెహతాయే. అదే ఏడాది డిసెంబరులో గోకుల్‌దాస్ తేజ్‌పాల్ సంస్కృత కళాశాలలో 72 మందితో కాంగ్రెస్ మొదటి సభ కూడింది.

హుతాత్మా చౌక్ చుట్టుపక్కల భాగం త్వరగా దాటిపోతుంది. సర్ ఫిరోజ్‌షా మెహతా రోడ్డు, మహాత్మా గాంధీ రోడ్డు మీద సెంట్రల్ బ్యాంకు. 1911లో సోరాబ్జీ పోచ్‌ఖానావాలా స్థాపించిన ఆ బ్యాంకుకు మెహతా మొదటి చైర్మన్. బాంబే క్రానికల్ దినపత్రిక గురించీ ఇక్కడే చెబుతారు. 1913లో బి.జి. హార్నిమన్ సంపాదకత్వంలో ఆ పత్రిక రావడానికి కారణం, నగరంలో బ్రిటిష్ వారు నడిపే ఆంగ్లో ఇండియన్ పత్రికలు తనకు వ్యతిరేకంగా పనిచేస్తున్నాయని మెహతాకు అనుభవపూర్వకంగా తెలియడమే. చాయ్ విరామం కూడా ఇక్కడే గనుక గైడు తొందరపడింది, మేమూ తొందరపడ్డాం. రిసీవర్లు ఈ చౌరస్తా మోతలో గరగరమని ఏమీ వినిపించకుండా పోయాయి. పక్క సందులోకి వెళ్లి చెప్పమని ఒకరు అడిగాక కొంత మెరుగైంది.

హైకోర్టు దగ్గర నడక మళ్లీ గాడిలో పడింది. ఆదివారం గనుక బయటినుంచే చూడాలి. ఈ భవనం 1878లో పూర్తయిందని, మెహతా వృత్తిలోకి వచ్చిన తొలి పదేళ్లు హైకోర్టు ఇక్కడ లేదని గైడు ముందే చెప్పేసింది. ఇలాంటి నిజాయితీ నడకలకు అవసరం. ఆయన సంపాదనలో పెద్ద వంతు బొంబాయిలో కాక మొఫసిల్ కోర్టుల్లో, గుజరాత్, కాఠియావాడ్ సంస్థానాల వ్యవహారాల్లో వచ్చిందన్న సంగతి వివరించి, ఆ ఆదాయం వల్లనే ప్రభుత్వోద్యోగాలకూ పదవులకూ ఎదురుచూడకుండా మండలుల్లో నిర్భయంగా మాట్లాడగలిగాడని ఆమె చేసిన వ్యాఖ్య నాకు సరైనదనిపించింది. వకీలు వృత్తికీ మితవాద రాజకీయానికీ ఉన్న బంధంలో ఇదే ముఖ్యం. చట్టం తెలియడం ఒక్కటే చాలదు, సర్కారు జీతం మీద ఆధారపడని బతుకుతెరువు కావాలి. మన ప్రాంతంలోనూ ఇదే చూస్తాం. మెహతా 1890లో కలకత్తా కాంగ్రెస్‌కు అధ్యక్షుడైతే, మరుసటి ఏడాది నాగపూర్‌లో ఆ పీఠమెక్కిన చిత్తూరు జిల్లా కట్టమంచిలో పుట్టిన పనప్పాకం ఆనందాచార్యులు మద్రాసు హైకోర్టు వకీలు. రాజమహేంద్రవరం న్యాపతి సుబ్బారావు పంతులూ వకీలే. వీరి ప్రస్తావన బొంబాయి నడకలో ఆశించలేం గాని, తెలుగువాళ్లు వినేటప్పుడు మనసులో ఉంచుకుంటే బాగుంటుంది.

హైకోర్టు మెట్లకు ఎదురుగా నిలబడి ఆమె 1895 నాటి శాసన మండలి చర్చను చెప్పింది. వైస్రాయి మండలిలో పోలీసు చట్ట సవరణ బిల్లు మీద మాట్లాడుతూ, కలెక్టర్లకూ పోలీసులకూ విచారణ లేకుండా అధికారం కట్టబెట్టడాన్ని మెహతా ఎంత పదునుగా విమర్శించాడంటే, ఆర్థిక సభ్యుడు జేమ్స్ వెస్ట్‌లాండ్ సభలోకి ఏదో కొత్త ధోరణి ప్రవేశిస్తోందని బహిరంగంగా నొచ్చుకున్నాడు. అధికారుల ముఖం మీదే అధికారుల పనిని తప్పుపట్టడం అప్పటిదాకా ఆ గదిలో మర్యాద కాదు. 1901లో బొంబాయి మండలి భూమిశిస్తు నియమావళి సవరణ బిల్లును పట్టుబట్టి ముందుకు తెచ్చినప్పుడు మెహతా, గోఖలే, మరికొందరు సభ నుంచి లేచి వెళ్లిపోయారు. ఈనాడు వాకౌట్ రోజువారీ వ్యవహారం. ఆనాడు అది పెద్ద సాహసం. శిస్తు కట్టలేక ప్రభుత్వానికి స్వాధీనమైన భూమిని రైతుకు తిరిగి ఇచ్చేటప్పుడు, దాన్ని అమ్ముకునే, తాకట్టు పెట్టుకునే హక్కుకు కోత పెట్టడమే ఆ బిల్లు ఉద్దేశం. ఈ అసలు విషయం చెప్పకుండా గైడు నడిచి వెళ్లిపోయిన దృశ్యం మీదే ఆగిపోయింది. బిల్లులో ఏముందో తెలియకపోతే వాకౌట్‌కు బరువేముంటుంది?

1907 గురించి రెండు కథలు చెప్పాలి. ఒకటి మితవాదులు, అతివాదులు విడిపోయిన, అందరికీ తెలిసిన సూరత్ సభ. నాగపూర్‌లో జరగాల్సిన కాంగ్రెస్‌ను సూరత్‌కు మార్చడం, రాస్‌బిహారీ ఘోష్ అధ్యక్షత మీద గొడవ, వేదిక మీదికి విసిరిన చెప్పు సురేంద్రనాథ్ బెనర్జీకి తగిలి మెహతా మీదికి ఎగరడం. గైడు దీన్ని అభినయంతో చెప్పింది, పిల్లలు మురిసిపోయారు. రెండోది, నా దృష్టిలో అంతకన్నా విలువైనది, ఆ ఏడాది మొదట్లో జరిగిన మున్సిపల్ ఎన్నిక. దీనికి నడకలో దక్కింది నాలుగు వాక్యాలే. మెహతా జస్టిస్‌ల స్థానాల నుంచి ఎన్నికవుతుండేవాడు. ఆయన పట్టు సడలించాలని కొందరు యూరోపియన్ అధికారులు, పత్రికల వారు ఒక జట్టుగా ఏర్పడి, 16 స్థానాలకు 16 మంది సొంత అభ్యర్థులను నిలబెట్టి ఓట్లు కూడగట్టారు. మెహతా పదిహేడోవాడయ్యాడు. దశాబ్దాలుగా నగరానికి మకుటంలేని మహారాజుగా పేరుపడ్డ మనిషి ఒక్క స్థానం తేడాతో ఓడిపోయాడు. గెలిచినవారిలో ఒకరికి కార్పొరేషన్‌తో కాంట్రాక్టు సంబంధం ఉన్నట్టు తేలి అనర్హుడు కావడంతో ఆ ఖాళీలో మెహతా తిరిగి సభ్యుడయ్యాడు. ఈ వ్యవహారం మీద నడిచిన వ్యాజ్యంలో మెహతా పక్షాన వాదించి పేరు తెచ్చుకున్న యువ న్యాయవాది మహమ్మదలీ జిన్నా.

ఉదయం నా చేతికి వచ్చిన అట్టముక్క జస్టిస్‌లదే. ఆ ముక్కల్లోనే మెహతా ఓడిపోయాడని ఇక్కడ చెబితే మొత్తం నడక ఒక్కసారిగా ముడిపడేది. ఆ మధ్యస్థుల గుంపును నమ్ముకుని ఆయన కట్టుకున్న బలం, అదే గుంపు చేతిలో ఒక్కరోజులో ఎలా జారిపోయిందో అందరికీ కళ్లకు కట్టేది. అంత చక్కటి సరంజామా చేతిలో ఉండి దాన్ని వాడుకోకపోవడం చూస్తే, కథను రాసినవారు ఒకరు, అట్టముక్కల ఆలోచన చేసినవారు మరొకరేమోననిపిస్తుంది.

ఎల్ఫిన్‌స్టన్ కళాశాల భవనం ముందు పెద్దగా చెప్పడానికేమీ లేదు. మెహతా చదివిన రోజుల్లో ఈ భవనమే లేదని ఇక్కడా నిజమే చెప్పారు. అసలు తప్పు ఆఖరి మజిలీలో ఉంది. కావస్‌జీ జహంగీర్ హాలు ఇప్పుడు జాతీయ ఆధునిక కళల గ్యాలరీ. దాని ముందు నిలబెట్టి, 1896 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గాంధీ ఈ హాల్లోనే మెహతా అధ్యక్షతన మాట్లాడబోయి గొంతు పెగలక నిలబడిపోయాడని గైడు చెప్పింది. ఈ భవనం పూర్తయింది 1911లో. 1896 నాటి సభ జరిగింది ఉదయం మేము చూసి వచ్చిన ఫ్రామ్‌జీ కావస్‌జీ ఇన్‌స్టిట్యూట్‌లో. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల వచ్చిన ఈ పొరపాటుకు నిర్వాహకులను మరీ నిందించలేం, ఎందుకంటే గాంధీ స్వయంగా తన ఆత్మకథలో కావస్‌జీ జహంగీర్ పేరే రాశారు. అయినా ఎల్ఫిన్‌స్టన్ దగ్గరా హైకోర్టు దగ్గరా భవనాల తేదీలు అంత జాగ్రత్తగా సరిచూసుకున్నవారు ఇక్కడ ఎందుకు చూసుకోలేదో అర్థం కాదు. నడక ముగిశాక ఈ సంగతి గైడుకు చెప్పాను. ఆమె వాదించలేదు, రాసుకుంది.

చోటు తప్పినా కథ మంచిదే. ఉపన్యాసం సిద్ధమా అని మెహతా అడగడం, అప్పటికప్పుడు మాట్లాడతానని గాంధీ అనడం, బొంబాయిలో అలా కుదరదు, విలేఖరులు సరిగా రాయరు, రాసి అచ్చు వేయించి తీసుకురావాలని మెహతా పట్టుబట్టడం. సభలో గాంధీ గొంతు వినిపించకపోతే కేశవరావు దేశ్‌పాండే అందుకున్నాడు, జనం వాచా, వాచా అని అరిచారు, చివరికి దిన్షా వాచా చదివి సభను గెలిపించాడు. అచ్చు కాగితం చేతిలో లేకపోయి ఉంటే ఆ సభ అక్కడే చెడిపోయేది. కాగితం మీద ముందే పెట్టుకునే ఆ అలవాటు మెహతా రాజకీయమంతటికీ గుర్తు అని గైడు అన్న మాట ఆ రోజు విన్నవాటిలో నాకు బాగా నచ్చినది. 1901లో కలకత్తా కాంగ్రెస్‌కు వెళ్తూ రైల్లో గాంధీని తన పెట్టెలోకి పిలిపించుకుని, మన దేశంలోనే మనకు అధికారం లేనప్పుడు పరాయి గడ్డ మీద మీకు హక్కులెలా వస్తాయని మెహతా అన్న సంగతి కూడా చెప్పారు. మెహతా బ్రిటిష్ వారిని గుడ్డిగా నమ్మినవాడన్న అభిప్రాయం ఉన్నవారు ఇది వినాలి.

అయితే ఈ నడక తన కథానాయకుడి పట్ల మరీ మెత్తగా ఉంది. సూరత్ తర్వాత 1908లో కాంగ్రెస్ నియమావళిని అతివాదులు లోపలికి రాలేని విధంగా బిగించడంలో మెహతా పట్టుదల పెద్ద పాత్ర వహించింది. 1915 నవంబరు 5న చనిపోయేదాకా ఆయన ఆ విషయంలో మెత్తబడలేదు. ఆయన పోయిన మరుసటి ఏడాది లక్నోలో రెండు వర్గాలూ ఒకటయ్యాయి. సంఘాలను, సభలను ఆయన తన గుప్పిట్లో పెట్టుకుని నడిపేవాడన్న విమర్శ ఆయన జీవించి ఉన్నప్పుడే వచ్చింది. ఆయన అడిగిన ఓటు కూడా పన్ను కట్టేవారికే. మిల్లు కార్మికులుండే ఇరుకు గదుల చాళ్లలో ఆ ఓటు ఎంతమందికి ఉందన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. 1888 స్థానాల లెక్క చెప్పినవారే ఈ లెక్కా చెప్పి ఉండాల్సింది. మనిషిని అర్థం చేసుకోవడానికి ఆయన సాధించినదెంత ముఖ్యమో, ఆయనకు కనిపించనిదీ అంతే ముఖ్యం.

చేతికిచ్చే చిన్న పుస్తకం పెద్దగా పనికిరాదు. కాగితం నాణ్యంగా ఉంది, ఫొటోలు బాగున్నాయి, రాత పేలవం. ఒక పేజీలో సూరత్ సభకు మెహతాయే అధ్యక్షుడని అచ్చయింది. గైడు నోట సరిగ్గా విన్న విషయం పుస్తకంలో తప్పుగా ఉంటే, ఇంటికి తీసుకెళ్లిన పిల్లలు నమ్మేది పుస్తకాన్నే. దాన్ని మళ్లీ వేసేటప్పుడు 1872, 1888 చట్టాల స్థానాల పట్టిక, 1871 వ్యాసం సారాంశం ఒక్కో పేజీలో ఇస్తే ఫొటోలు సగం తగ్గించినా ఎవరికీ బాధ ఉండదు.

మిగతా ఏర్పాట్ల గురించి. టికెట్ కొనడం తేలిక, కొన్న వెంటనే ఎక్కడ కలవాలో సందేశం వస్తుంది. నడక ఇంగ్లిషులోనే ఉంటుంది, మధ్యమధ్య హిందీ, మరాఠీ దొర్లుతాయి. మజిలీలలో కూర్చోవడానికి చోటు లేదు గనుక మోకాళ్ల నొప్పులున్నవారికి ఇబ్బంది. మరుగుదొడ్డి సౌకర్యం చాయ్ విరామంలో ఒక్కసారే. వానాకాలంలో ఈ నడక ఉండదు. ఎండ తట్టుకోలేనివారు డిసెంబరు, జనవరి నెలలు చూసుకోవడం మేలు. పదేళ్ల లోపు పిల్లలకు అట్టముక్కల ఆట, చెప్పు విసిరిన కథ తప్ప మరేదీ ఎక్కదు.

న్యాయశాస్త్రం చదువుతున్నవారికి, స్థానిక సంస్థల్లో పనిచేసేవారికి, పోటీ పరీక్షల కోసం ఆధునిక భారత చరిత్రను బట్టీ పడుతున్నవారికి దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. భవనాల అందం కోసం వెళ్లేవారు వేరే నడక చూసుకోవచ్చు. ఐదు నక్షత్రాలకు మూడున్నర ఇస్తున్నాను. మజిలీల వరస మార్చి, పుస్తకం సరిదిద్దితే నాలుగున్నరకు తక్కువ కాదు. ఈలోగా వెళ్లేవారు విగ్రహం దగ్గర కాస్త ముందుగా చేరుకుని, 1871 ఉపన్యాసం సంగతి మొదటే చెప్పమని గైడును అడగండి. సమయముంటే ఆమె కాదనదు, అట్టముక్కలు చేతికి వచ్చేసరికి అవెందుకో అందరికీ తెలిసి ఉంటుంది.